ఉప్పు లేని అంబలి

పోయినవి ముందు లెక్క వేసుకోవడం నాకు అలవాటు. అవి తేలితే మిగిలినవి వాటంతట అవే తేలుతాయి.

గద్వాలలో మా వీధి నుంచి పోయినవి ఇవి. పదకొండు గుంత మగ్గాల్లో తొమ్మిది. పదకొండు కట్టెల పొయ్యిల్లో పదకొండూ. ఆరు విసురురాళ్లలో ఐదు. ఆరోది ఒకరి వాకిట్లో మెట్టుగా బతుకుతోంది. తైదంబలి, కొర్రబువ్వ, ఉలవకట్టు, పుల్లటి జొన్నగటక పూర్తిగా పోయాయి. నువ్వులద్దిన సజ్జరొట్టె పండగపూట ఇంకా ఒకటి రెండిళ్లలో చేస్తారు కాబట్టి దాన్ని సగం పోయినట్టు రాసుకోవాలి. వీధి పొడవునా పడుగు పరిచి గంజి పట్టించే తెల్లవారుజాములు పోయాయి. వాటితోపాటు, పక్కింటికి రొట్టె తీసుకెళ్తూ ఆడవాళ్లు ఆడే అబద్ధాలు కూడా పోయాయి. అవి ఎన్నో మాత్రం చెప్పలేను. రోజుకొకటి కొత్తది పుట్టేది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య ఒక సాయంత్రం బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆమె ముందు నిలబడ్డాను. చేయి మంచిదే. రొట్టె అంచు పగలకుండా తడుతోంది. పెనం మీద నీళ్లు చల్లి తుడుస్తుంటే కాలిన జొన్నపిండి వాసన రోడ్డు దాటి వస్తోంది.

"ఎన్ని?" అని అడిగింది.

నేను వెంటనే చెప్పలేకపోయాను. అంకెలు నాకు కొత్త కాదు. నేను చదివింది ఐదో తరగతే అయినా, ఏ చీరకు ఎన్ని పోగులు పడతాయో, అంచుకు పట్టు ఎంత కావాలో, కొంగుకు జరీ ఎంత తూగుతుందో మా ఊరి నేతగాళ్లు నన్నే అడిగి పోతారు. కాగితం కూడా అక్కర్లేదు. కానీ రొట్టె విషయంలో ఎన్ని అనే మాట విని నా నాలుక ఆగిపోయింది. చివరికి నాలుగు అన్నాను. ఆమె పేపర్లో చుట్టి, "లెక్క చూస్కో అక్కా" అంది.

మా ఇంట్లో బయటికి అనకూడని లెక్క ఒక్కటే ఉండేది. అది రొట్టెల లెక్క. "తినేదాన్ని లెక్కవెట్టొద్దు పిల్లా" అనేది మా జేజి. జేజి అంటే మా నాయిన తల్లి. వనపర్తి దగ్గరి పల్లె నుంచి ఈ వీధికి కోడలిగా వచ్చింది. ఇక్కడికి వచ్చాక మగ్గం నేర్చుకోలేదు, కండెలకు నూలు చుట్టడం సరిగ్గా రాలేదు. అందుకని, ఆమె మాటల్లోనే చెప్పాలంటే, పొయ్యిని పట్టుకుంది. నాయిన నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది. జేజి వండేది. నేను, నాకంటే మూడేళ్లు చిన్నదైన మా చెల్లె, కాళ్లకు అడ్డం పడేవాళ్లం.

పడుగు సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చీర పొడవునా పోయే దారాల గుంపు పడుగు. పచ్చి నూలు మగ్గమెక్కితే తెగుతుంది. అందుకని దానికి గంజి పట్టించాలి. పడుగును వీధి పొడవునా కర్రల మీద పరిచి, గంజి చల్లి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. ఎండ ముదరకముందే అయిపోవాలి. ఒక ఇంటివల్ల కాని పని. కాబట్టి ఎవరి పడుగైనా సరే, చీకటి ఉండగానే వీధంతా లేచేది. మా వీధిలో పెద్దచేతులు పద్నాలుగు మందివి వచ్చేవి. కూలి అనే మాటే లేదు. పడుగు ఎవరిదో ఆ ఇంటివాళ్లు పని మొదలుపెట్టే ముందు అందరికీ అంబలి పోస్తారు. పని అయ్యాక రొట్టె పెడతారు. అంతే.

అంబలి తాగేటప్పుడు ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటి అంబలికీ వంక పెట్టకూడదు. పలచగా ఉందనకూడదు, పులిసిందనకూడదు, కారమనకూడదు. పడుగు పరిచిన ఇల్లు అప్పటికే నూలుకూ రంగుకూ ఉన్నదంతా ఊడ్చి పెట్టి ఉంటుంది. ఒక్కోసారి ఆ అంబలిలో పిండి ఎంత, నీళ్లు ఎన్ని అని ఆలోచించకపోవడమే మర్యాద. ఎంత పలచగా ఉంటే అంత గట్టిగా "బాగున్నదవ్వా" అనేవాళ్లు. ఇది ఎవరూ మాకు కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ల మొహాలు చూసి నేర్చుకున్నాం.

నాకు తొమ్మిదేళ్లున్న ఏడు, వానకాలం మొదట్లో మా పడుగు వంతు వచ్చింది. ముందురోజు రాత్రే జేజి జొన్నపిండి రెండు కుండల్లో నానబెట్టింది. ఒకటి పడుగుకు, ఒకటి మనుషులకు. పిండి ఒకటే, నీళ్లు ఒకటే, పొయ్యి ఒకటే. తేడా ఉప్పులోనే. మనుషుల కుండలో ఉప్పు పడాలి. పడుగు కుండలో పడకూడదు. దానిలో చివరగా గరిటెడు నూనె వేయాలి. ఉప్పు చెమ్మను లాక్కుంటుంది. ఉప్పు తగిలిన నూలు వానకాలంలో ఆరదు.

జేజికి అప్పటికే కండ్లల్లో పువ్వు పడుతోంది. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. గోడ పట్టుకుని నడవడం చూసి మేం మోకాళ్ల నొప్పులనుకున్నాం.

తెల్లవారుజామున తడి నేల వాసన, పులిసిన పిండి ఉడికే వాసన కలిసి వచ్చాయి. మేం బొంతలోంచి లేచేసరికి అరుగుల మీద మనుషులు వరసగా కూర్చున్నారు. అమ్మ గ్లాసులు, చెంబులు అందిస్తోంది. నంజుకోవడానికి ఉల్లిగడ్డ, వెర్రినువ్వులు దంచిన గురెళ్ల పొడి, కొల్లాపూర్ నుంచి మా మేనమామ తెచ్చిన కాయలతో పెట్టిన మామిడికాయ తొక్కు. నేను ఒక గుక్క తాగి అమ్మ మొహం చూశాను. అమ్మ వీధి వైపు చూస్తోంది. చెల్లె ఒక గుక్క తాగి గట్టిగా, "ఉప్పు లే..." అనబోయింది. అమ్మ దాని తొడ గిచ్చింది. మాట అక్కడే ఆగిపోయి ఏడుపుగా మారింది.

"ఏంది, పిల్లకేమైంది?" అని లోపలి నుంచి జేజి అరిచింది.

"నాలుక కాలిందంట" అంది అమ్మ.

ఎదురింటి అత్త గ్లాసు పైకెత్తి, "ఇంగ జర పొయ్యవ్వా, నీ చేతి అంబలి యెల్లూ సిగల్ల" అంది. ఆమెది రాయచూరు వైపు పుట్టిల్లు. ఎక్కడా దొరకదు అని కన్నడంలో పొగిడిందన్నమాట. ఆమె అడిగిందని పక్కావిడ అడిగింది. వాళ్లిద్దరూ అడిగారని వీధి చివరి తాత చెంబు చాచాడు. కుండ అడుగంటా ఊడ్చేశారు. వండినామెకు చుక్క మిగల్లేదు. ఆ తర్వాత అందరూ లేచి, జేజి చల్లార్చి ఇచ్చిన రెండో కుండ తీసుకుని పడుగు మీద గంజి చల్లడం మొదలుపెట్టారు.

మూడో రోజున వాన పట్టింది. నాయిన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. అడ్డపోగు మోసే నాడె ఇటు విసిరితే నాలుగు పోగులు, అటు విసిరితే ఆరు పోగులు తెగుతున్నాయి. దారాలు తడి జుట్టులా ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. తెగిన పోగును అతకాలంటే కొసను పెదాల మధ్య తడిపి మెలేయాలి. నాయిన ఒక కొస నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. పడుగుకు ఇంకో పక్క నుంచి ఇంకో కొస పెట్టుకున్నాడు.

"ఏమే, ఇటు రా. గిది నోట్లె వెట్టి చూడు."

అమ్మ పెట్టి చూసింది. వెంటనే వంటింటి వైపు చూసింది. జేజి అక్కడ పుంటికూర ఆకు గిల్లుతూ కూర్చుని ఉంది.

నేనూ ఒక పోగు నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. నాకు లెక్క తేలింది. "గంజిల వడ్డది గదా, అందుకే అంబలిల..." అన్నాను. అమ్మ చేయి నా నోటి మీద పడింది. గిచ్చడానికి కాదు, మూయడానికి.

పడుగు చెడితే ఏమవుతుందో మాకు చిన్నప్పుడే తెలుసు. నూలూ పట్టూ సావుకారివి. చెడిన పడుగుకు బదులు ఇంకో పడుగు కూలి లేకుండా నేసి ఇవ్వాలి. అంటే, నాలుగు చీరలు దిగేదాకా ఇంట్లోకి గింజ రాదు. అన్నాళ్లు తినకుండా మగ్గం మీద ఎవరు కూర్చోగలరు? ఇంకో దారి ఉంది. బల్మూరు వైపు నుంచి ఒక మేస్త్రీ ఏటా వచ్చి మనుషులను లారీ ఎక్కించుకుని పుణె దగ్గరి బిల్డింగు పనులకు తీసుకెళ్లేవాడు. మా వీధి నుంచి అప్పటికే ఇద్దరు అలా పోయారు. వాళ్లలో ఎవరూ తిరిగి మగ్గమెక్కలేదు. సిమెంటు పట్టిన వేళ్లకు పట్టుపోగు దొరకదని చెప్పుకునేవాళ్లు.

ఆ సాయంత్రం నాయిన అరువు తెచ్చుకున్న కుంచెలు తిరిగిచ్చే నెపంతో తాత అరుగు దగ్గరికి పోయాడు. ఆయన మాకు చుట్టమేం కాదు. వీధిలో అందరికంటే పెద్ద నేతగాడు. నాయిన ఆయన్ను మామా అని, మేం తాతా అని పిలిచేవాళ్లం. నేనూ చెల్లె నాయిన వెనకే పోయాం.

"మామా, ఐతారం లారీ పోతది. నేను గూడ పోతున్న" అన్నాడు నాయిన.

"నేసేటోనివి, ఇటుకలు మోస్తవా?"

"మోస్త. తిండన్న దొరుకుతది. పడుగు పోయింది. బదులు నేసేదాక ఇంట్ల ఐదుగురం ఏం తినాలె?"

"ఎట్ల పోయింది? వానకా?"

నాయిన కాసేపు కుంచె పుల్లలు సరిచేశాడు. తర్వాత, "ఉప్పుకు" అన్నాడు.

తాత తొడ చరుచుకున్నాడు. "నేననుకున్న! ఆ పొద్దు అంబలి సప్పగ ఉంటే, ఈ ముసలామె ఉప్పు ఎక్కడ వోసిందో అనుకున్న. అనుకుని ఊకున్న సూడు, నాకుండాలె బుద్ధి."

ఎదురింటి అత్త, పక్కావిడతో పాటు తాత గడపలో కూర్చుని వింటోంది. "నువ్వు ఊకనన్న ఉన్నవ్. నేను బాగున్నదని మూడు గ్లాసులు తాగిన. సప్పగున్నదని అవ్వ పసిగడతదేమోనని భయపడి తాగిన. కడుపుల నీళ్లు గుడగుడమన్నయ్."

"నువ్వడిగినవని నేనడిగిన" అంది పక్కావిడ.

"మీ ఇద్దరు అడిగిండ్రని నేను చెంబెడు తాగిన" అన్నాడు తాత.

చెల్లె అందరికీ ముందుకొచ్చింది. "నేను చెప్పిన! ఉప్పు లేదని నేను చెప్పిన! అమ్మ గిచ్చింది!" అని లంగా పైకెత్తి తొడ చూపించింది.

నాయినతో సహా అందరూ నవ్వారు. నవ్వు ఆగాక తాత, "ఈ వీధిల నిజం చెప్పింది ఇదొక్కతే. దానికి గిచ్చుడు వెట్టినం" అన్నాడు. ఆ తర్వాత ఆయన గొంతు మారింది. "ఇనుండ్రి. గంజి పడుగుకు పెట్టకముందే మనం అంబలి తాగినం. పద్నాలుగు నోర్లు. ఒక్క నోరు తెరిసి ఉప్పు లేదవ్వా అంటే, ఆమె ఆ కుండ సూసుకుంటుండె, పడుగు బతుకుతుండె. ఉప్పు ఒక్కామె ఏసింది గని, పడుగును చెడగొట్టింది మనమందరం. ఇగ ఒక్క ఇల్లే మునగాల్నంటే ఎట్ల?" నాయిన వైపు తిరిగి, "లారీ లేదు గీరీ లేదు. కాళ్లు గుంతలకెల్లి తియ్యకు. తీసినోడు మల్ల వెట్టలే. కండ్లార సూసినం గదా" అన్నాడు.

"ఊకె ఎట్ల తింట మామా?"

అత్త కసిరింది. "నీకెవరు పెడుతుండ్రు? మేం అవ్వకు పెట్టుకుంటం. నువ్వు నడుమ తింటే తిను, లేకుంటే లేదు." తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మాట. అవ్వకు తెల్వొద్దు. తెలిస్తే ఆమె మల్ల పొయ్యి ముట్టదు. పొయ్యి ముట్టకుంటే ఆమె బతకదు" అంది.

ఆదివారం లారీ పోయింది. నాయిన దానిలో లేడు. ఆ రోజు ఆయన సావుకారి దగ్గర కొత్త నూలు ఎత్తుకొచ్చాడు.

మర్నాటి నుంచి మా ఇంటికి రొట్టెలు రావడం మొదలైంది. ఊరికే వచ్చేవి కావు. ప్రతి రొట్టె గిన్నె వెంట ఒక అబద్ధం వచ్చేది. "పిండి ఎక్కువ కలిసింది అవ్వా, పారేస్తమా?" అని ఒకరు. "మా ఆయన ఊరికి పోయిండు, తిననీకె ఎవరున్నరు?" అని ఇంకొకరు. ఆ ఆయన ఎదురుగా అరుగు మీద బీడీ కాలుస్తూనే ఉండేవాడు. "కొత్త పెనం, రొట్టె మంచిగొస్తుందో లేదో సూడు" అని అత్త నెలలో మూడుసార్లు కొత్త పెనం కొంది. రొట్టెల మధ్య పప్పుచారు, అలసంద గుగ్గిళ్లు, ఎండుమిర్చి కారం, ఒక్కోసారి చేపముక్క కూడా దాగి వచ్చేది. అమ్మ గిన్నెను ఖాళీగా పంపకూడదని మా పెరటి కరివేపాకు రెబ్బ వేసి పంపేది. మాకు అప్పుడు ఉన్నది అదొక్కటే. ఆ చెట్టు ఆ వానకాలంలో ఆకు లేకుండా బోసిపోయింది.

ఎవరూ వంతులు వేసుకున్నట్టు కనిపించలేదు. కానీ నేను చూస్తూ ఉన్నాను. మొదటి రోజు తాత ఇల్లు, రెండో రోజు దాని పక్కది. అలా పదిళ్లు తిరిగి పదకొండో రోజున మళ్లీ తాత ఇంటి గిన్నె వచ్చింది. ఒక్క రోజు కూడా రెండు గిన్నెలు రాలేదు. ఒక్క రోజు కూడా ఖాళీ పోలేదు. అన్ని అబద్ధాల వెనక అంత సరైన లెక్క ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అంకెలు నాకు ఇష్టమైంది అప్పుడే. మనుషులు ఒకరినొకరు చూసుకోవడానికి కూడా ఎక్కం ఉంటుందని ఆ పదిళ్లు చూపించాయి.

ఆ ఆనందం పట్టలేక జేజి దగ్గరికి పరుగెత్తి, "జేజీ, పదిండ్లు వరుసగ తిరుగుతున్నయ్, రేపు ఎవరి రొట్టె వస్తదో చెప్పనా? ఎన్ని వచ్చినయో చెప్పనా?" అన్నాను.

అప్పుడే అంది ఆమె, తినేదాన్ని లెక్కవెట్టొద్దని. "ఎందుకు?" అంటే, "లెక్కవెడితే తీరుతది. తీరితే ఇగ నీకు వాళ్లెవరు, వాళ్లకు నువ్వెవరు?" అంది.

నాకు అర్థం కాలేదు. నేను లెక్క ఆపలేదు. పనికిరాని పోగులకు రొట్టెకొక ముడి వేసుకుంటూ పోయాను. కండెల బుట్టలో అలాంటి పోగులు ఎన్ని ఉన్నా ఎవరూ అడగరు.

కొత్త నూలుకు గంజి పట్టించే రోజు వచ్చింది. అదే అసలు ఇబ్బంది. జేజిని పొయ్యి దగ్గర కూర్చోవద్దని ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పలేదు. తెల్లవారుజామున అత్త వచ్చి రెండు కుండలనూ జేజి ముందు పెట్టి, "అవ్వా, వానకు నా నాలుక సచ్చింది. జర రెండూ రుచి సూసి, ఏది మనకో ఏది పడుగుకో చెప్పు" అంది.

జేజి ఒక వేలు ఒక కుండలో, ఇంకో వేలు ఇంకో కుండలో ముంచి నాలుకకు రాసుకుంది. "ఇది మనది. ఇంగో పిడికెడు ఉప్పు పట్టుతది. ఇది పడుగుది. నూనె వెయ్యి" అంది. ఆ మాటతో వీధంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

ఆ తర్వాత ఎవరి పడుగైనా రెండు కుండలూ జేజి ముందుకు వచ్చేవి. ఎవరింట్లో పెళ్లి జరిగినా పులుసు గిన్నె ముందు ఆమె దగ్గరికి వచ్చేది. కండ్లు పూర్తిగా పోయాక కూడా. మా వీధికి ఆమె నాలుక తూకంరాయి అయింది. ఆమె పొయ్యి దగ్గరి నుంచి దిగలేదు. ఒక పొయ్యి నుంచి పదకొండు పొయ్యిలకు పెరిగింది.

ఒక రోజు అలా ఎవరిదో పప్పు రుచి చూసి వస్తుంటే, ఆమె చేయి పట్టుకుని నడిపిస్తున్నది నేనే. వాన వెలిసిన సాయంత్రం. నేను ఉండబట్టలేక, "జేజీ, వీళ్లు నిన్ను ఎందుకు పిలుస్తరో తెలుసా?" అన్నాను.

"గా పొద్దు గంజి కుండ కడిగింది ఎవరనుకున్నవ్?" అంది ఆమె.

నేను ఆగిపోయాను.

"అడుగున అంటింది వేలుతోని తీసి నోట్లేసుకున్న. తెలిసింది. అప్పటికే పడుగు వీధిల ఆరుతుంది. ఎండ కాస్తే బతుకుతదిలే అని సూర్యునికి మొక్కుకుంట కూసున్న. ఎండ కాయలే."

"మరి ఎవరికీ చెప్పలే?"

"వాళ్లంత నాకోసం దినాం ఒక అబద్ధమాడుతుంటే, నేనొక్కటన్న ఆడకుంటే మర్యాదనా పిల్లా?" అని నవ్వింది. పళ్లు లేని ఆ నవ్వులో ఒక పక్క కన్నీళ్లు కూడా ఉన్నాయి. "నీ నాయిన గుంతల కాళ్లు తియ్యలే. అది సాలు. నువ్వు నోరు మూసుకో."

నేను మూసుకున్నాను. జేజి ఉన్నన్నాళ్లూ ఆ వీధిలో అందరూ ఒకటే సంగతి దాచారు, ఒకరి నుంచి ఒకరు.

నాలుగు చీరలూ దిగాయి. చివరి చీర మడిచి సావుకారికి ఇచ్చి వచ్చిన రోజున నాయిన తాత అరుగు మీద కూర్చుని ఆయన కుంచెలన్నీ దులిపి కట్టిపెట్టాడు. ఆ తర్వాతి పడుగుకు కూలి వచ్చింది. నాయిన చనిపోయేదాకా ఆ గుంతలోనే నేశాడు. ఇప్పుడు మిగిలిన రెండు మగ్గాల్లో ఒకటి ఆయనదే. చెల్లె నేస్తుంది.

తిరిగి ఇవ్వడం గురించి చెప్పాలి. మా వీధిలో పెట్టిన రొట్టెను పెట్టినింటికి తెల్లారే తిరిగి ఇచ్చేస్తే అది తిట్టినట్టు. ఆ ఇంటికి అవసరం వచ్చేదాకా ఆగాలి. అమ్మ ఆగింది. ఒకరింట్లో కాన్పు అయితే బాలింతకు వెల్లుల్లి కారం, మెత్తటి రొట్టె పదిహేను రోజులు పంపింది. తాత పోయినప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజులన్నీ మా పొయ్యి వెలిగింది. నేను పెద్దదాన్నయ్యాక ఆ పని నాకు వచ్చింది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి మగ్గం ఆగినా మా ఇంటి గిన్నె పోయేది, ఏదో ఒక అబద్ధంతో. నేను మనసులో తీసివేతలు చేసుకుంటూ వచ్చాను.

కానీ ఇళ్లు ఆగలేదు. ఒకరు షోలాపూర్ పోయారు. ఒకరు భీవండి. ఒకరి పిల్లలు నాగర్‌కర్నూల్‌లో దుకాణం పెట్టుకుని ముసలివాళ్లను తీసుకెళ్లారు. ఇద్దరి చిరునామా ఎవరికీ తెలియదు. ఎక్కడో వాళ్ల మనవలు రొట్టె అంటే ఏదనుకుంటున్నారో కూడా తెలియదు. ఆ ఇళ్ల మీద నా లెక్క అలాగే ఆగిపోయింది. తినేదాన్ని లెక్కపెట్టవద్దని జేజి ఎందుకందో నాకు నలభై దాటాక అర్థమైంది. అయినా నా బుద్ధి నాది. లెక్క వేయకపోతే ఆ మనుషులను నేను మరిచిపోతాను. ఒక్కో రొట్టెకు ఒక్కో మొహం గుర్తుంది నాకు.

బస్టాండు దగ్గర రొట్టెలు కొన్న ఆ వారంలోనే ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ వానకాలం మాకు వచ్చిన రొట్టెలు ఆరువందల పద్దెనిమిది. ఇన్నేళ్లలో తిరిగి వెళ్లినవి నాలుగువందల ఏడు. మిగిలినవి రెండువందల పదకొండు. వాటిలో ఎదురింటి అత్తవి ఇరవై మూడు. మిగతా ఇళ్లు దొరకవు. అత్త దొరుకుతుంది. ఇప్పటికీ ఎదురుగానే ఉంది, నడుం పూర్తిగా వంగిపోయి, చెవి సగం వినపడి. ఆమెకు ఇన్నేళ్లలో పెద్ద జబ్బు రాలేదు, ఆ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ ఆరలేదు. అన్నీ తిరిగి ఇచ్చే సందే ఆమె ఇవ్వలేదు. ఇంక ఆగితే ఉండకపోవచ్చు.

రెండు రోజులు కూర్చుని జొన్నరొట్టెలు పలచగా తట్టి, కాల్చి, ఎండబెట్టాను. నెలైనా చెడవు. ఆమె పుట్టింటి వైపు అలాగే తింటారు. సరిగ్గా ఇరవై మూడు. బట్టలో కట్టుకుని పోయాను.

"ఏందే ఇన్ని?" అంది అత్త విప్పి చూసి.

"పిండి ఎక్కువ కలిసింది అత్తా."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నాకే సెప్తున్నవా? ఆ మాట ఈ వీధిల పుట్టించింది నేను." తర్వాత ఒక రొట్టె విరిచి నోట్లో వేసుకుని, లేని పళ్లతో నానబెట్టుకుంటూ, "ఉప్పు సరిపోయింది" అంది. మా ఇద్దరికీ జేజి గుర్తొచ్చింది.

నేను లేవబోయాను. అత్త లేవనివ్వలేదు. కోడలిని పిలిచి, "గ్యాసు వెలిగియ్యి. పిల్ల పొద్దున్నుంచి పొయ్యి ముందల కూసున్నట్టుంది, మొకం సూడు ఎట్లున్నదో" అని పెనం పెట్టించింది. వద్దంటే వినలేదు. గోడకు ఆనుకుని, వణికే చేతులతో తానే తట్టింది. వేడి రొట్టె, మీద గురెళ్ల పొడి, నూనె చుక్క. తింటూ ఉంటే పక్కనే కూర్చుని చేత్తో ఈగలు తోలింది. నాకు యాభై దగ్గర పడుతోంది.

రెండు తిన్నాను. బయల్దేరేటప్పుడు, "మగ్గం మీదున్నది, సల్లారకముందే ఇయ్యి" అని చెల్లెకోసం మూడు కట్టి ఇచ్చింది.

వీధి దాటి ఇంటికి వచ్చేలోపు లెక్క కట్టాను. రెండువందల పదకొండులో ఇరవై మూడు పోతే నూట ఎనభై ఎనిమిది. నేను తిన్నవి రెండు, చెల్లెకు వచ్చినవి మూడు. ఇంకా ఇవ్వాల్సినవి నూట తొంభై మూడు.